ఇళ్లు మారుతూ అక్వేరియం పెంచడం: రెండడుగుల ట్యాంకు, నాలుగడుగుల ట్యాంకు వాడాక నా అభిప్రాయం

ఇల్లు మారే రోజున నేను అన్నిటికంటే ముందు చూసుకునేది ఫిల్టరును. గాజు పగిలితే మరో ట్యాంకు కొనుక్కోవచ్చు. ఫిల్టరులో చేరిన బ్యాక్టీరియా చచ్చిపోతే మళ్లీ తయారయ్యేసరికి నెల పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. అంతవరకు చేపల ప్రాణం గాలిలో దీపమే. చేపల విసర్జన నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చేది ఆ బ్యాక్టీరియానే. అది నీళ్లలో ఉండేది బహు కొద్ది. స్పాంజిని, సెరామిక్ ముక్కలను, కాస్త ఇసుకను పట్టుకుని బతుకుతుంది. పాత నీళ్లు డ్రమ్ముల్లో మోసుకుపోయి, ఫిల్టరును మాత్రం కొళాయి కింద శుభ్రంగా కడిగి సర్దేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఈ లెక్కన నేను వాడిన ఫిల్టర్లు రెండు: ట్యాంకు బయట మూత బిగించిన డబ్బాలా ఉండే కానిస్టరు, ట్యాంకు లోపలే ఉండే స్పాంజి ఫిల్టరు. రోజువారీ పనికి కానిస్టరే మేలు. నీళ్లు అద్దంలా ఉంటాయి, చప్పుడు ఉండదు. ఇల్లు మారేటప్పుడు మాత్రం దానంత పేచీకోరు ఇంకొకటి లేదు. కరెంటు తీసేసి మూత బిగించి అలాగే ఉంచితే లోపలి ఆక్సిజన్ కొన్ని గంటల్లోనే తరిగిపోతుంది. ఆ తర్వాత మూత తీస్తే కుళ్లు వాసన కొడుతుంది. అందుకే దానిలోని సరంజామా మొత్తం బకెట్‌లోకి తీసి, మునిగేలా ట్యాంకు నీళ్లు పోసి, గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ వేసి తీసుకెళ్తాను. స్పాంజి ఫిల్టరుకు ఈ తతంగం లేదు. చేపలున్న బకెట్‌లోనే దాన్ని దింపి, బ్యాటరీతో నడిచే గాలి పంపు గొట్టం తగిలిస్తే దారి పొడవునా పని చేస్తూనే ఉంటుంది. చూడటానికి అందంగా ఉండదు, నిజమే. అయినా పెద్ద ట్యాంకులో కానిస్టరుతో పాటు ఒక మూల స్పాంజి ఫిల్టరును ఎప్పుడూ నడుపుతున్నాను.

బ్యాటరీ పంపు గురగురమని విసిగిస్తుంది. అయినా ఇన్నేళ్లలో పెట్టిన డబ్బుకు పూర్తి న్యాయం చేసిన వస్తువు అదే. ఇల్లు మారని రోజుల్లో కరెంటు పోయినా ఆదుకుంటుంది.

చేపలను పట్టడం చివరి పని. మారడానికి ఒకటి రెండు రోజుల ముందే మేత ఆపేస్తే దారిలో నీళ్లు తక్కువ పాడవుతాయి. ముందు రాళ్లు, మొక్కలు తీసి, నీటిని జానెడు లోతుకు దించి, అప్పుడు వల పెట్టాలి. రాళ్లు ఉండగా వలతో వెంటాడితే చేపలూ అలిసిపోతాయి, మనమూ అలిసిపోతాం. ట్యాంకులో పెట్టిన చెక్క మొద్దును బయటికి తీసేటప్పుడు బకెట్ మీదే పట్టుకుని చూడాలి. ప్లెకో అనే చేప దాని తొర్రలో ముళ్లు బిగించి కదలకుండా కూర్చుంటుంది. ఊపినా రాదు. మొద్దును నీళ్లలో పెట్టి కాసేపు వదిలేస్తే తనంతట తానే దిగుతుంది.

దగ్గర దూరానికి మూత ఉన్న బకెట్లే నాకు నచ్చాయి. దూర ప్రయాణానికి థర్మోకోల్ పెట్టెలో కవర్లు తప్పవు. కవరులో మూడో వంతు నీళ్లు, మిగతాది గాలి. మూసిన కవరులో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని నీటి పీహెచ్ తగ్గుతుంది, అంటే నీటి ఆమ్లగుణం పెరుగుతుంది, దానివల్ల అమ్మోనియా పెద్దగా హాని చేయని రూపంలో ఉండిపోతుంది. కవరు విప్పగానే ఆ వాయువు బయటికి పోతుంది, పీహెచ్ పెరుగుతుంది, అమ్మోనియా విషంగా మారుతుంది. అందుకే ముడి విప్పకముందే కవరును ట్యాంకులో తేలేసి వేడి సమం కానివ్వాలి. విప్పాక తాత్సారం చేయకుండా చేపలను వలతో తీసి ట్యాంకులోకి వదిలి, కవరు నీళ్లు పారబోయాలి.

ఇక ట్యాంకు. ఘనపుటడుగుకు 28 లీటర్ల పైచిలుకు నీళ్లు పడతాయి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న నా మొదటి ట్యాంకులో 56 లీటర్లు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్నదానిలో 255 లీటర్లు, అంటే నీళ్లే పావు టన్ను. పది మిల్లీమీటర్ల గాజుతో చేస్తే ఖాళీ ట్యాంకే యాభై కిలోలు దాటుతుంది. మొదటిదాన్ని ఒక్కడినే చంకలో పెట్టుకుని మెట్లు దిగాను. రెండోదానికి నలుగురు కావాలి. ఇసుక అడుగున ఉండనివ్వండి, అలాగే ఎత్తేస్తాం అని మోసేవారు అంటారు. ససేమిరా ఒప్పుకోకూడదు. మూలలు పట్టి ఎత్తినప్పుడు ఆ బరువంతా అడుగు గాజు మీద, సిలికాన్ అతుకుల మీద పడుతుంది.

ఎలాగూ ఖాళీ చేస్తున్నాం కదా, ఇప్పుడే పెద్దది తీసుకుందాం అన్న ఆలోచన అందరికీ వస్తుంది. కొన్నాళ్లు రెండిళ్ల తాళాలూ మన చేతిలో ఉంటేనే అది మంచి ఆలోచన. నాలుగడుగుల ట్యాంకును నేను అలాగే తెచ్చుకున్నాను. కొత్త ఇంట్లో ముందే స్టాండు వేసి, రసమట్టం పెట్టి చూసి, నీళ్లు నింపి రెండు రోజులు కారుతుందేమో గమనించాను. ఆ నీళ్లలో క్లోరిన్ విరుగుడు మందు కలిపి, చేపలనూ పాత ఫిల్టరునూ ఒకే రోజు మార్చాను. చేపల సంఖ్య పెరగలేదు కాబట్టి ఉన్న బ్యాక్టీరియా సరిపోయింది. మొదటి వారం రోజూ అమ్మోనియా, నైట్రైట్ పరీక్షించాను, మేత సగానికి తగ్గించాను. పొద్దున ఒక ఇల్లు ఖాళీ చేసి సాయంత్రం ఇంకో ఇంట్లో దిగేవారు మాత్రం పాత ట్యాంకునే తీసుకెళ్లి, రెండు మూడు నెలలు కుదురుకున్నాక పెద్దది కొనడం మంచిది. లారీ దిగిన రాత్రి కొత్త స్టాండు బిగించే ఓపిక ఎవరికీ ఉండదు.

అసలు పెద్దది కావాలా అన్నది చేపలే చెబుతాయి. గోల్డ్ ఫిష్ ఒళ్లు వంచకుండా వెనక్కి తిరగలేకపోతున్నా, వారం వారం నీళ్లు మార్చినా నైట్రేట్ దిగకపోయినా ట్యాంకు చాలడం లేదని అర్థం. కొనేటప్పుడు ఎత్తు కంటే వెడల్పు చూడండి. నీటి ఉపరితలం ఎంత ఎక్కువగా ఉంటే ఆక్సిజన్ అంత బాగా అందుతుంది. లోతైన ట్యాంకులో అడుగున చెత్త తీయాలంటే భుజం దాకా తడవాలి.

నాలుగడుగుల ట్యాంకు నన్ను ఏ రోజూ నిరాశపరచలేదు. ఎండాకాలంలో కూడా నీటి వేడి మెల్లగానే మారుతుంది. అయినా ఈసారి ఇల్లు మారేటప్పుడు దాన్ని సొంతిల్లు ఉన్నవారికి ఇచ్చేసి మూడడుగులది తీసుకుంటాను. అడుగున్నర వెడల్పు, అంతే ఎత్తు ఉంటే 190 లీటర్లు పడతాయి. నా చేపలకు చాలు, మోయడానికి ఇద్దరు చాలు.