గేటు మోటారు బాగుచేయించాలా, మార్చాలా? విశాఖ ఉప్పుగాలిలో 600 కేజీల స్లైడింగ్ మోటారు పనితీరు

విశాఖలో సొంత ఇళ్ల ముందూ చిన్న అపార్టుమెంట్ల ముందూ తరచుగా కనిపించేది 230 వోల్టుల, 600 కేజీల బరువు దాకా గేటుని లాగే తరగతి స్లైడింగ్ గేటు మోటారు. ఫాక్, నైస్, కేమ్, బీఎఫ్‌టీ లాంటి ఇటలీ కంపెనీల సరుకైనా, చైనాలో తయారై ఇక్కడి పేర్లతో అమ్ముడయ్యేదైనా లోపలి కథ దాదాపు ఒకటే. ఒక ఇండక్షన్ మోటారు, దాని వేగం తగ్గించే వార్మ్ గేరు, బయటికి గేటుని లాగే పళ్లచక్రం (పినియన్), పక్కన కంట్రోల్ బోర్డు, గేటు చివరికి రాగానే ఆపే లిమిట్ స్విచ్. వీటిలో మోటారు గట్టి పిండం. దాని చుట్టూ ఉన్నవే ముందు చెడతాయి. అందుకే "మోటారు పోయింది, కొత్తది పెట్టేద్దాం" అని మెకానిక్ తేల్చేసినా, డబ్బు తీసేముందు అరగంట పరీక్ష చేయించాలి.

మొదట చూడాల్సింది గేటు. మెయిన్ ఆపి, మోటారు ముందున్న తాళం తిప్పి రిలీజ్ లివరు లాగితే గేటు ఒంటిచేత్తో ఈ చివర నుంచి ఆ చివరికి జరగాలి. లగేజీ తూచే కొక్కెం త్రాసు ఉంటే గేటుకి తగిలించి లాగండి. చక్రాలు బాగున్న 300 కేజీల గేటు కదలడం మొదలెట్టాక 10 కేజీల చుట్టుపక్కల లాగుడుకే నడుస్తుంది. 20 దాటిందంటే తప్పు మోటారుది కాదు. చక్రాల బేరింగులు తుప్పుపట్టి ఉంటాయి, లేదా పట్టా కింద నేల కుంగి ఉంటుంది. అలాంటి గేటుకి కొత్త మోటారు బిగిస్తే పాతది పోయిన దారినే అదీ పోతుంది. గాడి అరిగిన చక్రాన్ని ఆటోనగర్ లేత్ షాపులో మళ్లీ కోయించుకోవచ్చు. బేరింగ్ మాత్రం రెండు పక్కలా రబ్బరు సీలు ఉన్న కొత్తదే వేయాలి. కొండవాలు వీధుల్లో ఇళ్లున్నవాళ్లు పట్టా మీద స్పిరిట్ లెవెల్ పెట్టి చూడాలి. ఈ మోటార్లు సమతలంగా నడిచే గేటు కోసం చేసినవి. ఎత్తుకి ఎక్కించడం వాటి పని కాదు.

గేటు తేలిగ్గా జరుగుతోంది, మోటారు మాత్రం గుయ్‌మంటూ మూలిగి ఆగిపోతోంది, చేత్తో కాస్త తోస్తే అందుకుంటోంది అంటే అనుమానించాల్సింది మోటారు తిరగడానికి ఊపునిచ్చే కండెన్సర్‌ని. దాని మీద రాసిన విలువ చూడండి. ఈ తరగతిలో సాధారణంగా 10 నుంచి 20 మైక్రోఫారడ్‌ల మధ్య ఉంటుంది. దాని రెండు కాళ్లనీ రెసిస్టర్ ద్వారా డిశ్చార్జ్ చేశాకే మల్టీమీటరు పెట్టాలి. 16 అని రాసినది 12 చూపిస్తే ఇక దానితో పని లేదు. కొత్తది అదే మైక్రోఫారడ్, 450 వోల్టులది వేయాలి. "ఇంకాస్త పెద్దది వేస్తే బలం వస్తుంది" అన్న సలహా వినొద్దు, వైండింగ్ (మోటారు లోపలి రాగి తీగ చుట్టలు) వేడెక్కుతుంది. కొన్ని వందలతో తీరిపోయే ఈ పనికి మొత్తం మోటారు మార్పించడం అన్యాయం.

వైండింగ్ బాగుందో లేదో తెలుసుకోవడమూ తేలికే. మోటారుకి కామన్, తెరుచు, మూయు అని మూడు తీగలు. బోర్డు నుంచి వాటిని విడదీసి కొలిస్తే కామన్ నుంచి మిగతా రెండిటికీ రెసిస్టెన్స్ సమానంగా రావాలి, ఆ రెండిటి మధ్య దానికి రెట్టింపు రావాలి. ఒకవైపు బాగా తక్కువ చూపితే వైండింగ్ కాలినట్టు. కామన్ నుంచి రెండువైపులా అసలేమీ చూపకపోతే తొందరపడొద్దు. మోటారు వేడెక్కితే కరెంటు ఆపే లోపలి థర్మల్ కట్ తెగి ఉండొచ్చు. అరగంట చల్లారనిచ్చి మళ్లీ కొలవండి.

ఇక బోర్డు. మన ఊళ్లో ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. మోటారు మీద ఐపీ44 అని రాసి ఉంటే 1 మిల్లీమీటరు కంటే లావైనవి లోపలికి దూరవని, ఏవైపు నుంచి నీళ్లు చిమ్మినా తట్టుకుంటుందని అర్థం. ఉప్పుతేమ గురించి ఆ అంకె ఏమీ చెప్పదు. లాసన్స్ బే కాలనీ, సాగర్ నగర్, రుషికొండ లాంటి సముద్రం పక్క చోట్ల మూత తీస్తే టెర్మినల్ స్క్రూల దగ్గర ఆకుపచ్చ చిలుము కనిపిస్తుంది. దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మెత్తని బ్రష్‌తో శుభ్రం చేసి, తీగ కొసలు కొత్తగా కోసి బిగిస్తే చాలా బోర్డులు లేచి కూర్చుంటాయి. తీగ దూరే కన్నం వదులుగా వదిలేస్తే చీమలూ బల్లులూ వెచ్చదనానికి అక్కడ కాపురం పెడతాయి. రెండు టెర్మినళ్ల మధ్య బల్లి అడ్డం పడితే బోర్డు కాలుతుంది. మోటారుకి కరెంటు వదిలే రిలే (బోర్డు మీది స్విచ్) టక్కుమంటోంది కానీ మోటారు తీగల్లో 230 రావట్లేదంటే రిలే కాంటాక్టులు మాడినట్టు. ఎలక్ట్రానిక్స్ బాగుచేసేవాళ్లు రిలే ఒక్కటే మార్చగలరు. ఫ్యూజు పక్కనున్న గుండ్రటి వేరిస్టర్ నల్లబడితే పిడుగుకో వోల్టేజీ ఎగిసినప్పుడో తాను కాలి బోర్డుని కాపాడిందని అర్థం. ఫ్యూజూ అదీ రెండూ మార్చాలి. ఫ్యూజు బదులు రాగి తీగ చుడితే తరవాతి పిడుగుకి బోర్డు దక్కదు.

బోర్డు పూర్తిగా పోయి, కంపెనీ ఆ మోడల్ ఆపేసినా 230 వోల్టుల మోటారుకి దారి ఉంది. మూడు తీగల మోటారుకి సరిపోయే యూనివర్సల్ బోర్డులు దొరుకుతాయి, లిమిట్ స్విచ్ రకం కలిస్తే చాలు. గేటు ఎక్కడుందో లెక్కపెట్టే ఎన్‌కోడరున్న 24 వోల్టుల మోటార్లకి ఈ వెసులుబాటు ఉండదనే అనుకోవాలి. కొనేముందే ఆలోచించాల్సిన తేడా ఇది.

రిమోటు గేటు దగ్గరికొస్తేనే పనిచేస్తోందా? బ్యాటరీ మార్చాక కూడా అంతేనా? బోర్డు మీది యాంటెన్నా తీగ చూడండి. 433 మెగాహెర్ట్జ్‌కి అది సుమారు 17 సెంటీమీటర్లుండాలి. తుప్పుకి విరిగి మొండిగా మిగిలితే దూరం పడిపోతుంది.

మోటారు తిరుగుతోంది, గేటు కదలట్లేదు. రిలీజ్ లివరు సరిగ్గా మూసి ఉందో లేదో చూశాక, లోపలి గేరు పళ్లు అరిగాయేమో చూడాలి. కంపెనీ గేరు దొరికితే వేయించండి. లేత్ మీద నకలు కోయిస్తే వార్మ్‌తో పన్ను సరిగ్గా కలవక కొద్ది నెలల్లోనే అరిగిపోతుంది. ఆయిల్‌లో మునిగి తిరిగే రకంలో ఆయిల్ పాలరంగుకి మారితే సీలు పోయి నీళ్లు చేరినట్టు.

మార్చక తప్పని సందర్భాలు మూడే అంటాం: వైండింగ్ కాలడం, అల్యూమినియం బాడీ ఉప్పుకి పొరలు లేచి బోల్టు మరలు జారిపోవడం, గేరూ బోర్డూ రెండూ ఒకేసారి పోవడం. బిల్లు కొత్తదాని ధరలో సగం దాటి, మోటారు ఎనిమిదేళ్లు దాటినదైతే కూడా మార్చడమే మేలు. మూడు నాలుగేళ్ల మోటారుని మాత్రం బాగుచేయించుకోవాలి.

మార్చినా ర్యాక్ (గేటుకి బిగించిన పళ్ల పట్టీ) పారేయక్కర్లేదు. పళ్లు ఎనిమిది లెక్కపెట్టి కొలవండి, 10 సెంటీమీటర్ల మీద అర మిల్లీమీటరు వస్తే అది మాడ్యూల్ 4 (పళ్ల సైజు), చాలా కొత్త మోటార్లకి సరిపోతుంది. బిగించేటప్పుడు ర్యాక్‌కీ పినియన్‌కీ మధ్య 1 నుంచి 2 మిల్లీమీటర్ల సందు ఉండాలి. సందు లేకపోతే గేటు బరువంతా షాఫ్టు మీద పడుతుంది. ర్యాక్‌కి గ్రీజు పూయొద్దు. ఇసుక అంటుకుని అదే ఆకురాయిలా పళ్లని తినేస్తుంది.

కొత్తది ఏది? ఒకే కుటుంబం ఉండే ఇంటికి మళ్లీ 230 వోల్టులదే చాలు. అపార్టుమెంటుకి లెక్క వేరు. కేటలాగులో 30 శాతం డ్యూటీ అని ఉంటే పది నిమిషాల్లో మూడు నిమిషాలే నడవాలని. 4 మీటర్ల గేటు తెరిచి మూయడానికి దాదాపు 50 సెకన్లు, అంటే పది నిమిషాల్లో మూడు నాలుగు కార్లు. పొద్దున్న ఆఫీసుల వేళ ఇది చాలదు, థర్మల్ కట్ పడి గేటు మధ్యలో ఆగుతుంది. అక్కడ నిరంతరం నడిచే 24 వోల్టుల రకం తీసుకోవాలి. దాని బ్యాటరీల్ని మాత్రం రెండు మూడేళ్లకోసారి మార్చాల్సి వస్తుంది.

బిగింపులో మూడు పట్టుబట్టండి. మోటారు దిమ్మె నేల మీద కనీసం ఆరంగుళాల ఎత్తులో ఉండాలి, సముద్రం దగ్గరైతే బోల్టులు 316 గ్రేడు స్టెయిన్‌లెస్‌వి వాడాలి, పట్టా రెండు చివరలా ఇనుప స్టాపర్లు వెల్డ్ చేయించాలి. లిమిట్ స్విచ్ స్ప్రింగు తుప్పుకి విరిగిన రోజు గేటు పట్టా దాటి మనిషి మీద పడకుండా ఆపేది ఆ స్టాపరే. దారిలో ఎవరైనా అడ్డొస్తే గేటుని ఆపించే ఫోటోసెల్ వద్దని ఖర్చు తగ్గించేవాళ్లని ఒప్పుకోవద్దు, పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు.

రిలీజ్ తాళంచెవి ఎక్కడుందో ఇంట్లో అందరికీ, వాచ్‌మన్‌కీ తెలియాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నగరంలో కరెంటు రోజుల తరబడి లేదు. అన్ని రోజులు ఏ బ్యాటరీ కాయదు. అక్టోబరు రాకముందే ఆ తాళంలో గ్రాఫైట్ పొడి వేసి, ఒకసారి తిప్పి, గేటు తోసి చూసుకోండి.