పొడుగు వరి, పొట్టి వరి: ఏది ఎక్కడ మేలు?

పాత పొడుగు వరి రకాలకు ఎరువు ఎక్కువ వేస్తే గింజ కంటే గడ్డే ఎక్కువ పెరిగేది, కంకి బరువుకి మొక్క పడిపోయి చేతికొచ్చిన పంట నీళ్లలో నానేది, అందుకే ఎంత కష్టపడినా దిగుబడి ఒక హద్దు దాటేది కాదు. 1966లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐఆర్8 విడుదల చేశాక ఈ లెక్క మారిపోయింది. ఇండోనేషియా పొడుగు రకాన్ని తైవాన్ పొట్టి రకంతో కలిపి తీసిన వంగడం ఇది. కాండం పొట్టి, గట్టి. వేసిన నత్రజని గింజకి పనికొస్తుంది, పైగా పాత రకాలు చాలావాటికి 5 నెలలు దాటితే దీనికి దాదాపు 130 రోజులే, అంటే నీళ్లుంటే అదే పొలంలో రెండో పంట.

ఆ నీళ్ల దగ్గరే టెన్షన్ మొదలవుతుంది. సమయానికి తడి, ఎరువు అందకపోతే పొట్టి రకం తన సత్తా చూపించలేదు, పెట్టుబడి మాత్రం ముందే పోతుంది. వరద నిలిస్తే పొట్టి మొక్క మునిగిపోతుంది, పొడుగుది చాలాసార్లు తల పైకి పెట్టుకుని నిలుస్తుంది. పశువులకు గడ్డి కూడా దాన్నుంచే ఎక్కువ.

ఐఆర్8కి పురుగులు, తెగుళ్లు తేలిగ్గా సోకేవి, అన్నం చల్లారితే గట్టిపడేది. 1976లో వచ్చిన ఐఆర్36 చాలా తెగుళ్లను తట్టుకుంది. కానీ అందరూ ఒకే రకం వేస్తే కొత్త పురుగుకి మొత్తం ప్రాంతమే దొరికిపోతుంది, నాకు అన్నిటికంటే భయం కలిగించేది ఇదే.

నీటి వసతి ఉన్న పొలానికి పొట్టి రకమే వేయమంటాను. ముంపు పల్లానికి మాత్రం పాతదే నయం.