బొగతకు పిల్లలతో వెళ్తున్నారా? జూలై వద్దు, దసరా రానివ్వండి

వానలు జోరు మీదున్నప్పుడు ఫోన్లలో తిరిగే వీడియోలు చూసి ములుగు జిల్లాలోని బొగత జలపాతానికి బండి కట్టేవాళ్లే ఎక్కువ. ఎర్రనీళ్లు, బండ అంచు నిండా దూకే ధార, పక్కవాళ్ల మాట వినపడనంత హోరు. చూడ్డానికి గొప్పగానే ఉంటుంది. అయితే ఆరేడేళ్ల పిల్లల్ని, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను వెంటబెట్టుకొని వెళ్లే కుటుంబానికి ఆ రోజుల్లో దక్కేది కంచె ఇవతల నిలబడి తడవడం ఒక్కటే. వరద మరీ ఎక్కువైతే అటవీశాఖ వాళ్లు సందర్శనే ఆపేస్తారు, అది సరైన పనే. ఇంటిల్లిపాదీ వెళ్లదగ్గ బొగత వేరే ఉంది. దసరా సెలవులు మొదలుకొని కార్తీకం ముగిసేదాకా వాగు తేటపడుతుంది, ధార పాయలు పాయలుగా విడిపోతుంది, మునిగిన బండలు బయటపడతాయి, నిదానంగా నడవడానికి చోటు దొరుకుతుంది. సంక్రాంతి దాటితే నీళ్లు సన్నబడతాయి. అంత దూరం పోయి ఉత్త బండలు చూసి రావడం దండగ.

ముందు దారి సంగతి. హనుమకొండ నుంచి 130–140 కిలోమీటర్లు ఉంటుంది. దాదాపు ప్రయాణమంతా 163 నంబరు జాతీయ రహదారి మీదే: ములుగు, గోవిందరావుపేట, పస్రా, తాడ్వాయి, ఏటూరునాగారం, ఆ తర్వాత ముల్లకట్ట దగ్గర గోదావరి వంతెన. ఈ వంతెన లేని రోజుల్లో వాజేడు పోవాలంటే భద్రాచలం మీదుగా చుట్టు తిరగాల్సి వచ్చేది. ఇప్పుడు పొద్దున పోయి పొద్దుగూకేలోగా రావచ్చు. వంతెన దిగాక జగన్నాథపురం కూడలిలో వెంకటాపురం దారి వదిలేసి వాజేడు దారి పట్టాలి. చీకుపల్లి దగ్గర జలపాతం.

టీ కోసం ఒకసారి, ములుగు దగ్గర గట్టమ్మకు కొబ్బరికాయ కొట్టడానికి ఒకసారి ఆగినా మూడు గంటల్లో చేరుకోవచ్చు. ఆరింటికి బయల్దేరితే తొమ్మిదికి అక్కడుంటారు. ఆదివారం పదకొండు దాటాక వచ్చేవాళ్లకు పార్కింగు దగ్గరే సగం ఓపిక అయిపోతుంది. పెట్రోలు ఏటూరునాగారంలోనే నింపుకోండి. గోదావరి దాటాక ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోవద్దు. లోపలికి పోకముందే తప్పిపోతే ఎక్కడ కలవాలో పిల్లలకు చెప్పి పెట్టుకోండి, టికెట్ల గేటు అందుకు బాగుంటుంది. ప్రవేశానికి, పార్కింగుకు చిల్లర నోట్లు జేబులో ఉంచుకోవాలి. యూపీఐ ఉన్నా సిగ్నల్ ఆడకపోతే వెనకాల వరస పెరుగుతుంది.

అక్టోబరు చివర నుంచి ఈ దారిలో ఒక చిక్కు ఉంటుంది. వరికోతలు మొదలై ఊళ్ల దగ్గర రోడ్డు సగం మేర వడ్లు ఆరబోస్తారు. కుప్ప అంచున హద్దుగా రాళ్లు పెడతారు, రాత్రిపూట నల్ల పరదా కప్పుతారు. పగలు బాగానే కనిపిస్తుంది. చీకట్లో ఎదుటి బండి లైటు కళ్లలో పడ్డప్పుడు ఆ పరదా, తారురోడ్డు ఒక్కలాగే ఉంటాయి. బైకు మీద భార్యాపిల్లలతో వెళ్లేవాళ్లు మూడింటికల్లా తిరుగు ప్రయాణం మొదలుపెట్టాలనడానికి ఇదే అసలు కారణం. తాడ్వాయి అడవిలో రోడ్డు మీద పడుకునే పశువులు రెండో కారణం.

గేటు నుంచి జలపాతం దాకా నడక ఎక్కువ లేదు, మెట్లున్నాయి, కంచె ఉంది, కూర్చోవడానికి చోట్లున్నాయి. ఈ ఏర్పాట్లకు మంచి మార్కులే వేయాలి. మెట్లు దిగేటప్పుడు పెద్దవాళ్లకు ఇబ్బంది ఉండదు. ఎక్కేటప్పుడే, అదీ ఎండ ఎక్కాక, ఆయాసం వస్తుంది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు పైనుంచి చూసి ఆగిపోయినా లోటు లేదు, ధార అక్కడి నుంచి కూడా బాగా కనిపిస్తుంది. పిల్లల నడక లెక్క వేరు. ఆరేళ్ల పిల్ల మట్టిబాట మీద గంటకు రెండు కిలోమీటర్లు నడుస్తుంది, బండల మీద అందులో సగం. మొత్తం రోజుకు మూడు కిలోమీటర్లు అనుకుంటే చాలు. కంచెలు, బోర్డులు ఎంతవరకు పోనిస్తే అంతవరకే పోవాలి. ఆ కొద్ది దూరంలోనే చూపించడానికి చాలా ఉంది: టేకు ఆకును వేళ్లతో నలిపితే చెయ్యి ఎర్రబడుతుంది, బీడీలు చుట్టే తునికాకు ఏదో పోల్చుకోవచ్చు, ఇప్పచెట్టు, మద్దిచెట్టు పక్కపక్కన పెట్టి చూడొచ్చు. ఇట్లా ఆగి ఆగి నడిస్తే పిల్లలు ఎత్తుకొమ్మని మారాం చేయరు.

చెప్పుల విషయంలో చాలామంది పొరబడతారు. హవాయి చెప్పులు తడి మట్టిలో ఇరుక్కొని ఊడిపోతాయి. స్పోర్ట్స్ షూ ఒకసారి తడిస్తే సాయంత్రం దాకా ఆరదు, తడి సాక్సు రాసుకొని మడమల దగ్గర బొబ్బలు లేస్తాయి. వట్టి కాళ్లతో నడవడం అసలు కూడదు, తాగి పారేసిన సీసాల పెంకులు ఇసుకలో కూరుకుపోయి ఉంటాయి. మడమ వెనక పట్టీ ఉండి, అడుగున లోతైన గాళ్లున్న శాండిల్సే ఇక్కడికి సరైనవి. కొత్తవైతే వారం ముందు నుంచి ఇంట్లో తొడిగించండి.

మంచి శాండిల్ కూడా పాచి మీద ఆగదు. పాచిని గుర్తుపట్టడం పిల్లలకు నేర్పాలి. పొడిగా, బూడిదరంగులో, గరుకుగా కనిపించే బండ మీద అడుగు వేయొచ్చు. నల్లగా నిగనిగలాడే బండ, ఆకుపచ్చ నూగు పట్టిన బండ, నీళ్ల అంచున ఎప్పుడూ తడిగా ఉండే బండ, ఈ మూడింటి జోలికి పోవద్దు. అనుమానం వస్తే బొటనవేలితో రుద్ది చూడాలి, జిగురు తగిలితే అది పాచే. జారేది ఎక్కువగా సెల్ఫీ కోసం వెనక్కి అడుగు వేసినప్పుడు. ఫోటో తీసుకునేటప్పుడు కదలకుండా నిలబడాలన్న ఒక్క నియమం పెట్టుకుంటే చాలా దెబ్బలు తప్పుతాయి.

ఇక నీళ్లు. ధార కింద మడుగు పైకి నిశ్చలంగా కనిపిస్తుంది. పైనుంచి పడే నీళ్ల బరువుకు అడుగున గుంత తొలిచి ఉంటుంది, నురగ కింద సుడి తిరుగుతుంది. ఈత వచ్చినవాళ్లనైనా లోపలికి లాగేది ఆ సుడే. స్నానానికి వదిలిన చోట, అదీ సిబ్బంది సరేనన్నప్పుడు, పిల్లలు మోకాళ్ల లోతు దాటకూడదు. ఒక పెద్దమనిషి వాళ్లకంటే దిగువన నిలబడాలి. జారిన పిల్లవాడు ప్రవాహం వెంట కిందికే వస్తాడు కాబట్టి ఒడ్డున కూర్చుని కేకేస్తే లాభం లేదు.

ఈ వాగుకు నీళ్లు వచ్చేది ఛత్తీస్‌గఢ్ వైపు కొండల అడవుల నుంచి. అక్కడ కురిస్తే ఇక్కడ ఎండ కాస్తుండగానే వాగు లేస్తుంది. లేచే ముందు ఆనవాళ్లు చూపిస్తుంది. తేట నీళ్లలో ముందు పాలలో టీ కలిసినట్టు సన్నటి ఎర్రజీర కనిపిస్తుంది. తర్వాత పుల్లలు, ఎండుటాకులు గుంపులుగా కొట్టుకొస్తాయి. చప్పుడు మందమవుతుంది. ఇందాక పొడిగా ఉన్న రాయి తడిసిపోతుంది. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా సంచులు తర్వాత, ముందు పిల్లలు. వెంటనే మెట్లెక్కేయాలి. అందుకే నీళ్ల అంచున ఒక రాయిని గుర్తు పెట్టుకొని పావుగంటకోసారి చూడటం మంచి అలవాటు.

వెంకటాపురం మండలంలో ముత్యంధార జలపాతం కూడా చూసేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. 2023 జూలై 26న దాన్ని చూసి వస్తున్న దాదాపు 80 మంది, వాగు పొంగి అడవిలోనే ఇరుక్కుపోయారు. ఎన్డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) బృందాలు వెళ్లి బయటికి తేవాల్సి వచ్చింది. అదే వానకు ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. అడవిలో వాగులు దాటాల్సిన దారి ఏదైనా సరే, పిల్లలతో వద్దు.

తిండి ఇంటి నుంచి తీసుకెళ్లడమే మేలు. పులిహోర, చపాతీలు ఆ ఉక్కకు ఆగుతాయి, పెరుగన్నం మధ్యాహ్నానికి పులుస్తుంది. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, పిల్లలకు లీటరు లెక్కన పెట్టుకోండి. కోతులుంటాయి, కవర్ చప్పుడు వింటే చాలు వచ్చేస్తాయి. తినేటివి జిప్పు సంచిలోనే ఉండాలి. బొంగు చికెన్ దొరికితే ఎదురుగా కాల్చి ఇవ్వమనండి. పచ్చి వెదురులోనే ముక్కలు తమ నీటికి తాము ఉడుకుతాయి, నూనె అక్కర్లేదు. అరగంటకు పైగా పడుతుంది. బొంగు చీల్చగానే ఆవిరితో పాటు పచ్చివెదురు వాసన రావాలి, ఎముక పక్కన మాంసం గులాబీ రంగులో ఉంటే మళ్లీ నిప్పుల మీద పెట్టించండి. పిల్లలకు కారం తగ్గించమని ముందే చెప్పాలి. దట్టించిన తర్వాత చేసేదేమీ ఉండదు.

ఏజెన్సీ ప్రాంతం, మలేరియా ఉంది. నిండు చేతుల చొక్కా, పొడుగు ప్యాంటు వేసి, దోమల క్రీము నీళ్లలో తడిసిన తర్వాత మళ్లీ రాయాలి. తిరిగొచ్చాక కొన్ని వారాలకైనా, నెలలకైనా చలితో జ్వరం వస్తే డాక్టరుకు ఈ ఊరి పేరు చెప్పండి.

తిరుగుదారిలో ముల్లకట్ట దగ్గర గోదావరిని చూడకుండా రావద్దు. ఈ ఒడ్లలోనే మిర్చి తోటలు ఎక్కువ. దసరా రోజుల్లో మొక్కలు పచ్చగా ఉంటాయి, ఎర్రటి కల్లాలు చూడాలంటే మాత్రం ఫిబ్రవరి రావాలి. నీళ్లు తగ్గాక ఇసుక తెలుపు చూసి పిల్లలు పరుగెత్తబోతారు. ఎగువన తుపాకులగూడెం దగ్గర సమ్మక్క బ్యారేజీ ఉంది, గేట్లు ఎత్తితే కింద నీళ్లు పెరుగుతాయి. ఒడ్డును ఆనుకొని ఉన్న ఇసుక దాకా చాలు, పాయ దాటి మధ్య దిబ్బ మీదికి పోవద్దు.

రామప్ప గుడి, లక్నవరం చెరువు కూడా అదే రోజు కలిపేసే ప్యాకేజీలు అమ్ముతారు. మూడూ చూసినట్టే ఉంటుంది, ఏదీ చూసినట్టుండదు. రామప్పకే ఒక పూట పడుతుంది, ఆ గుడిని ఇంకో ఆదివారానికి ఉంచుకోండి. రెండేళ్లకోసారి మేడారం జాతర జరిగే మాఘమాసంలో ఈ రోడ్డంతా జనంతో నిండిపోతుంది, ఆ వారాల్లో బొగత పేరెత్తొద్దు.

బయల్దేరే ముందు రోజు రాత్రి ములుగు జిల్లాతో పాటు ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లా వాన హెచ్చరిక కూడా చూడండి. అక్కడ భారీ వాన అని ఉంటే, ఇక్కడ ఆకాశం ఎంత తేటగా ఉన్నా, పులిహోర ఇంట్లోనే తినేయండి.