అమెరికానా, జర్మనీనా? ముందు రోజులు లెక్కపెట్టండి

"అక్కా, మా తమ్ముడు ఎమ్మెస్‌కి పోతానంటున్నాడు. అమెరికా పంపాలా, జర్మనీ పంపాలా?" బెంగళూరులో మా ఆఫీసులో ఉన్న తెలుగువాళ్లు ఏడాదికి పదిసార్లయినా ఈ మాట అడుగుతారు. ఈసారి ప్రశ్న మా ఇంట్లోంచే వచ్చింది. మా తమ్ముడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

అందరూ ఫీజు దగ్గరే మొదలుపెడతారు. జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటివాళ్లు సెమిస్టరుకు 1,500 యూరోలు కట్టాలి. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో (ఏడాది ఖర్చులకు ముందే డబ్బు వేసిపెట్టే ఖాతా) వేసే 11,904 యూరోలు పోయే డబ్బు కాదు, నెలకు 992 చొప్పున మన చేతికే వస్తుంది. అమెరికాకైతే లోన్ తప్పదు. ఇదంతా మీకు తెలిసిందే.

నేను చూసేది వేరు. చదువు అయిపోయాక, ఉద్యోగం దొరకకపోతే, ఆ దేశం మనల్ని ఎన్నాళ్లు ఉండనిస్తుంది?

అమెరికాలో ఓపీటీ, అంటే చదువయ్యాక పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి, 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కోర్సయితే ఇంకో 24. వినడానికి మూడేళ్లు. కానీ మొదటి ఏడాదిలో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులే. ఓపీటీ మొదలయ్యే తేదీని కోర్సు ముగిశాక 60 రోజుల్లోపు ఎప్పటికైనా పెట్టుకోవచ్చు. ఆ కాస్త వెసులుబాటు వాడుకోండి, తొందరపడి ముందు తేదీ పెట్టకండి. నేను ఆ తప్పు చేశాను. 2019లో నాకు ఆఫర్ వచ్చింది 71వ రోజున. హిందూపురంలో ఇంటి పత్రాలు బ్యాంకులో ఉన్నాయి. "ఏమన్నా తెలిసిందామ్మా?" అని నాన్న ఫోన్‌లో అడిగినప్పుడల్లా నా గొంతు పెగిలేది కాదు. ఆ టెన్షన్‌లో జీతం ఎంతని కూడా అడగకుండా ఒప్పుకున్నాను. నాతో గదిలో ఉన్న అమ్మాయికి 90 రోజులూ అయిపోయాయి. నాకంటే బాగా చదివేది, అప్పుతోనే తిరిగొచ్చింది. 40 లక్షల లోన్, 11 శాతం వడ్డీ, పదేళ్లు అనుకుంటే నెలకు 55 వేల ఈఎంఐ. బెంగళూరులో కొత్తగా చేరినవాళ్ల జీతంలోంచి అంత కట్టి, పీజీ అద్దె కూడా కట్టడం ఎలాగో మీరే లెక్క వేసుకోండి.

జర్మనీలో డిగ్రీ అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల పర్మిట్ ఇస్తారు. ఆ లోపు బతకడానికి ఏ పనైనా చేయవచ్చు, గోడౌన్‌లో అయినా సరే, అది నేరం కాదు. ఓపీటీలో చదువుకు సంబంధించిన పనే చేయాలి. ఈ ఒక్క తేడా దగ్గరే నా మనసు జర్మనీ వైపు మొగ్గింది.

అయితే జర్మనీకి కట్టాల్సిన అసలు ఫీజు భాష. "కోర్సు ఇంగ్లిష్‌లోనే, జర్మన్ అక్కర్లేదు" అని కన్సల్టెన్సీల్లో చెప్తారు. కోర్సు వరకు అది నిజమే. కానీ ఇంటర్వ్యూ చాలాచోట్ల జర్మన్‌లో ఉంటుంది, ఇల్లు అద్దెకిచ్చే ఓనరు రాసే ఉత్తరం జర్మన్‌లో ఉంటుంది. అక్కడికి వెళ్లాక నేర్చుకుందాంలే అనుకుంటే చదువు, వంట, పార్ట్‌టైమ్ మధ్య కుదరదు. బీ1 (మధ్యస్థాయి జర్మన్) వరకు ఇక్కడే పూర్తి చేసుకుని వెళ్లండి. ఏడాది ఆలస్యమైనా పర్వాలేదు. భాష నేర్చుకునే ఓపిక లేనివాళ్లకు 18 నెలలు కూడా చాలవు.

అమెరికాను తక్కువ చేయడం లేదు. ఉద్యోగం దొరికితే డాలర్ జీతంతో అప్పు తీరినంత త్వరగా ఎక్కడా తీరదు. నాది మూడేళ్లలోపే తీరింది. కానీ ఓపీటీ తర్వాత కూడా అక్కడ ఉద్యోగం చేయాలంటే కావాల్సిన హెచ్1బీ వీసాలు ఏడాదికి 85 వేలు, లాటరీలో మూడుసార్లూ నా పేరు రాలేదు, 2022లో వచ్చేశాను. ఇల్లు తాకట్టు పెట్టకుండానే పంపగలిగే కుటుంబమైతే, లేదా ఇప్పటికే మూడు నాలుగేళ్ల అనుభవం ఉంటే అమెరికాకు ధైర్యంగా వెళ్లవచ్చు.

బ్రిటన్‌లో మాస్టర్స్ ఏడాదే. అడుగుపెట్టిన కొన్ని వారాల్లోనే ఉద్యోగాల వేట మొదలుపెట్టాలి. ఐర్లండ్‌లో మాస్టర్స్ తర్వాత రెండేళ్ల వరకు ఉండనిస్తారు, కానీ ఇల్లు దొరకడం కష్టం.

మా తమ్ముడు జర్మనీ అన్నాడు. శని, ఆదివారాలు జర్మన్ నేర్చుకోవడానికి ఇందిరానగర్‌లో మాక్స్ ముల్లర్ భవన్‌కి వెళ్తున్నాడు. మన చదువు పత్రాలు అసలైనవేనని చెప్పే ఏపీఎస్ సర్టిఫికెట్ లేకుండా వీసా రాదు కాబట్టి మార్కుల మెమోలన్నీ ముందే సిద్ధం చేసిపెట్టాం. బీ1కి ముందు మెట్టయిన ఏ2 పరీక్ష వచ్చే నెల. అది పాసయ్యాకే అప్లికేషన్లు పెడతానని నాకు మాటిచ్చాడు. ఇంటి పత్రాలు మాత్రం ఈసారి బీరువాలోనే ఉంటాయని నాన్నకు చెప్పాను.