కింది ఫ్లోర్‌లో బాత్రూమ్, కిచెన్ పెట్టిస్తామంటే అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి

సెల్లార్‌లోనో, రోడ్డుకంటే పల్లంగా ఉన్న కింది ఫ్లోర్‌లోనో బాత్రూమ్ కట్టించుకోవాలనుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. "డ్రైనేజీ లెవెల్ అందకపోయినా పర్వాలేదు, మురుగునీళ్లు పైకి తోసే మెషీన్ పెట్టేస్తాం, ఏమీ తవ్వక్కర్లేదు" అని షాపువాళ్లు చెప్తారు. అలాంటి మెషీన్లు ఉన్నమాట నిజం, సరిగా పెడితే బాగానే పనిచేస్తాయి. కానీ మెషీన్ అమ్మినవాళ్లు పైపు లైన్ తమ పని కాదంటారు. పైపు వేసే ప్లంబర్‌కి మెషీన్ గురించి తెలీదు. మొత్తం పనికి ఒకరు పూచీ పడకపోతే ఏమవుతుందో మేము మొన్నటి వానల్లో చూశాం.

మా ఇల్లు హైదరాబాద్‌లో నేరేడ్‌మెట్ వైపు, వాలు ప్లాట్‌లో. గేటు రోడ్డు లెవెల్లో ఉంటే ఇంటి వెనక భాగం దాదాపు ఒక అంతస్తు కిందికి దిగుతుంది. అత్తయ్యకు మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక, వెనక సందులోంచి మెట్లు లేకుండా నేరుగా వెళ్లగలిగే ఆ కింది గదిని ఆవిడకి సిద్ధం చేశాం. అందులో అటాచ్డ్ బాత్రూమ్, పక్కనే చిన్న వంటగట్టు కావాలి. కింద అంతా బండ. కొట్టించినా లాభం లేదు, మ్యాన్‌హోల్ మా నేలకంటే ఎత్తులో ఉంది.

షోరూమ్‌లో మాకు చూపించింది కమోడ్ వెనక పెట్టే తెల్ల పెట్టె. మలినాన్ని బ్లేడ్లతో నలగ్గొట్టి, సన్న పైపులో పైకి తోస్తుంది. వాట్సాప్‌లో కొటేషన్ పంపారు: కమోడ్, వాష్ బేసిన్, షవర్, కిచెన్ సింక్, అన్నీ ఈ ఒక్క పెట్టెలోకే. కిచెన్ కూడానా అని అడిగితే "ఏం కాదు మేడం, అందరికీ అలాగే పెడుతున్నాం" అన్నారు. బిల్లు మాత్రం "బాత్రూమ్ ఫిట్టింగ్, 1 సెట్" అని ఇచ్చారు. మోడల్ నంబర్ లేదు, సీరియల్ నంబర్ లేదు. మాన్యువల్ బుక్ వాళ్ల ఫిట్టర్ దగ్గరే ఉండిపోయింది.

అసలు విషయం తర్వాత తెలిసింది. ఈ మెషీన్లకు యూరప్‌లో ఈఎన్ 12050 అనే ప్రమాణం ఉంది. అందులో మొదటి భాగం పెద్ద లిఫ్టింగ్ స్టేషన్లది: పెద్ద ట్యాంకు, లావు పైపు, ఇల్లంతటి మురుగు లాగగలవు. మూడో భాగం మాకు అమ్మినటువంటి చిన్న పెట్టెలది. వాటి వాడకానికి హద్దులు గీసి ఉన్నాయి. అదే గదిలోని ఒక కమోడ్, ఒక వాష్ బేసిన్, ఒక షవర్, ఒక బిడే (కడుక్కోవడానికి వాడే చిన్న బేసిన్), అంతే. కిచెన్ సింక్ ఆ లెక్కలో లేదు. పైగా మామూలు వాలుతో నడిచే టాయిలెట్ ఇంట్లో ఇంకొకటి ఉండాలి, ఎందుకంటే కరెంట్ పోతే ఇది పనిచేయదు. కిచెన్ నీళ్లకు వేరే రకం పంపు వస్తుంది, వేడినీళ్లు తట్టుకునేది.

మన వంటిళ్లకు ఇది మరీ ముఖ్యం. వార్చిన గంజి సలసలా కాగుతూ సింకులోకి పోతుంది. మలినం కోసం చేసిన పంపుల్లో చాలావాటికి అంత వేడి పడదు. ఆ గంజే చల్లారాక లోపల జిగురుగా పట్టేస్తుంది. పోపు నూనె గోడలకు గడ్డకట్టి లెవెల్ చూసే స్విచ్‌ని కదలనివ్వదు, దాంతో మోటారు ఆగాల్సినప్పుడు ఆగదు, తిరగాల్సినప్పుడు తిరగదు. చింతపండు పిప్పి, కరివేపాకు ఈనెలు, కొబ్బరి పీచు గురించి చెప్పక్కర్లేదు. కిచెన్‌కి వేసే ఆ వేరే పంపుకి కూడా, సింకు కింద జాలీ, నూనె పట్టే గ్రీజ్ ట్రాప్ లేకుండా సింకు కలపనివ్వకండి. ఇది ఏ కంపెనీ మెషీన్ అయినా అంతే.

ఇక పైపు. దీని గురించి షోరూమ్‌లో ఒక్క ముక్క చెప్పలేదు. మురుగు పైపు కింది గదిలోంచి బయల్దేరి రోడ్డు లెవెల్ కంటే పైకి వెళ్లి, అక్కడ వంపు తిరిగి, తర్వాత చాంబర్‌లోకి దిగాలి. హైదరాబాద్‌లో గట్టి వాన పడితే వాననీళ్లు డ్రైనేజీలో కలిసి మ్యాన్‌హోళ్లు పొంగడం మనం ప్రతి ఏడాదీ చూస్తున్నదే. అప్పుడు లైన్‌లో నీటిమట్టం రోడ్డు దాకా వస్తుంది. వంపు అంతకంటే ఎత్తులో ఉంటే మురుగు దాన్ని దాటి మన ఇంట్లోకి రాలేదు. మా ఫిట్టర్ పైపును గోడ వెంట అడ్డంగా తీసుకెళ్లి, రోడ్డు లెవెల్ కంటే కిందుగానే చాంబర్‌లోకి కలిపేశాడు. ఎల్బోలు కలిసొస్తాయని, గోడ మీద పైపు కనిపించదని చెప్పాడు. ఆ వంపు లేకపోతే అడ్డుగా మిగిలేది మెషీన్‌లోని నాన్ రిటర్న్ వాల్వ్, అంటే పోయిన నీళ్లను వెనక్కి రానివ్వని చిన్న రబ్బరు రేకు ఒక్కటే.

ఆ రేకు కింద వంటింటి పీచు ఇరుక్కుంది. వాన దంచి కొడుతున్న సాయంత్రం, షవర్ దగ్గర ఫ్లోర్ ట్రాప్‌లో ముందు బుడబుడమని చప్పుడు. తర్వాత జాలీలోంచి నల్లటి నీళ్లు, వాటి మీద చింతపండు పిప్పి, అన్నం మెతుకులు, ఎవరింటివో టిష్యూలు. అత్తయ్య వాకర్ పట్టుకుని ఆ గదిలో ఉన్నారు. ఆవిణ్ణి ఎత్తుకుని పైకి తీసుకెళ్లాల్సి వచ్చింది. ఆపరేషన్ అయిన మనిషి కాళ్లకు మురుగు తగిలిందని మేము పడ్డ టెన్షన్ ఇంతా అంతా కాదు.

షోరూమ్‌వాళ్లు పంపిన మనిషి మూత తీసి చూసి చెప్పిన మాట: "కిచెన్ కలిపారు కాబట్టి వారంటీ రాదు మేడం." కలపమన్నది, కలిపింది వాళ్లే. వాట్సాప్ కొటేషన్ డిలీట్ చేయకుండా ఉంచాం కాబట్టి ఇప్పుడు దాని ప్రింట్‌తోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తున్నాం. ఇలా మోసపోయినవాళ్లు 1915 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయొచ్చు. కేసు రెండేళ్ల లోపు వేయాలి, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు.

కొనేవాళ్లు అడ్వాన్స్ ఇవ్వకముందే పైపు ఎటు వెళ్తుందో, ఎంత ఎత్తుకు వెళ్లి దిగుతుందో కాగితం మీద గీయించుకోండి, షాపు స్టాంపు వేయించుకోండి. గీయం అంటే అక్కడ కొనకండి. బిల్లు మీద మోడల్, సీరియల్ నంబర్లు, దానికి ఏమేం కలుపుతున్నారో రాయించండి. బ్రోషర్‌లో పైకి ఇన్ని మీటర్లు, అడ్డంగా ఇన్ని మీటర్లు అని ఉంటుంది. రెండూ ఒకేసారి రావు, పైకి పోయేకొద్దీ అడ్డం దూరం తగ్గుతుంది, ప్రతి మలుపుకీ కొంత పోతుంది. కమోడ్ కూడా వెనక నుంచి నీళ్లు వదిలే పీ ట్రాప్ రకం కావాలి, నేలలోకి దిగే ఎస్ ట్రాప్ కొనేశాక మార్చడం దండగ ఖర్చు. కరెంట్ పోయినప్పుడు వాడాలంటే, స్టార్టింగ్‌లో మోటారు లాగే కరెంట్‌కి మీ ఇన్వర్టర్ సరిపోతుందో లేదో ఎలక్ట్రీషియన్‌ని అడగండి. పెద్ద లిఫ్టింగ్ స్టేషన్ అయితే గాలి గొట్టం మేడ పైదాకా పోవాలి, ఫాల్స్ సీలింగ్‌లో వదిలేయకూడదు.

అపార్ట్‌మెంట్ సెల్లార్ సంగతి వేరు. 2012 నాటి బిల్డింగ్ రూల్స్ జీవో 168 ప్రకారం సెల్లార్ పార్కింగ్ కోసమే, కాస్త భాగం మాత్రం జనరేటర్, ఎస్‌టీపీ (మురుగునీళ్లు శుద్ధి చేసే ప్లాంట్) లాంటివాటికి. అక్కడ నివాసానికి గదులు, కిచెన్ వేయిస్తామనే వాళ్ల మాట నమ్మకండి.

ఇంకొకటి. ఖర్చు తగ్గుతుందని నేలలో గొయ్యి తవ్వి మోటారు దించమంటారు కొందరు. అది జామ్ అయితే ఎవరినో ఒకరిని దింపి తీయిస్తామంటారు. దయచేసి ఒప్పుకోకండి. ఆ గోతుల్లో చేరే హైడ్రోజన్ సల్ఫైడ్ నిమిషాల్లో ప్రాణం తీస్తుంది, రక్షణ లేకుండా మనిషిని దింపడం 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ (మనుషులతో మురుగు ఎత్తించడం) నిషేధ చట్టం ప్రకారం నేరం. పైనుంచే గొలుసుతో మోటారు బయటికి లాగే ఏర్పాటు ఉంటేనే గొయ్యి పెట్టించండి.

ఇప్పటికే పెట్టించుకున్నవాళ్లు వానలు ముదరకముందే ఆ వంపు ఉందో లేదో చూసుకోండి, వాల్వ్ విప్పించి కడిగించండి. కింది ఫ్లోర్ ట్రాప్‌లో బుడబుడ వినిపిస్తే ఫ్లష్ నొక్కొద్దు, నీళ్లు వదలొద్దు. చేతులు పొడిగా ఉంటేనే మెషీన్ స్విచ్ ఆపండి, నీళ్లు నేల మీదికి వచ్చేస్తే లోపలికి వెళ్లకుండా పైనుంచి మెయిన్ ఆపండి. చాంబర్ బయట గేట్ వాల్వ్ ఉంటే మూసేయండి. రోడ్డు మీద మ్యాన్‌హోల్ పొంగుతుంటే హైదరాబాద్‌లో డ్రైనేజీ చూసే జలమండలి 155313కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ రాసుకోండి.