బెంగళూరు టిఫిన్లు, మూడు రోజులు: దిగితే మంగళవారమే దిగాలి

టిఫిన్లు తిని రివ్యూ రాయడానికే బెంగళూరు వెళ్లేవాళ్లు రైలు టికెట్టు కంటే ముందు హోటళ్ల సెలవులు చూసుకోవాలి. లాల్‌బాగ్ రోడ్డు ఎం.టి.ఆర్. (మావళ్లి టిఫిన్ రూమ్స్) సోమవారం తెరవదు. గాంధీ బజారు విద్యార్థి భవన్‌కు శుక్రవారం సెలవు. శంకరపురం బ్రాహ్మిన్స్ కాఫీ బార్ ఆదివారం ఉండదు. పైగా శని, ఆదివారాల్లో అన్నిచోట్లా జనం వీధిలోకి వచ్చేస్తారు. ముప్పావు గంట నిలబడి తిన్న దోసె మీద రివ్యూ రాస్తే అందులో సగం క్యూ గురించే ఉంటుంది. ఆకలి మీద ఉన్నవాడికి ఏదైనా అమృతమే, విసుగు మీద ఉన్నవాడికి ఏదైనా చప్పనే. అందుకే మంగళ, బుధ, గురువారాలు.

కాచిగూడ నుంచి వందే భారత్ యశవంతపుర దాకా వస్తుంది. కర్నూలు, అనంతపురం, ధర్మవరం వాళ్లకూ అదే సుఖం. స్టేషన్ పక్కనే ఆకుపచ్చ లైను మెట్రో. ఈ తిండి యాత్ర దాదాపు అంతా ఆ ఒక్క లైను మీదే నడిచిపోతుంది: మల్లేశ్వరానికి మంత్రి స్క్వేర్ సంపిగె రోడ్, బసవనగుడికి నేషనల్ కాలేజ్, ఎం.టి.ఆర్.కు లాల్‌బాగ్.

బస గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. మెజెస్టిక్ బస్టాండు దగ్గర గాంధీనగర్ లాడ్జిలు చవక, కానీ రాత్రంతా బస్సుల హోరు. చెకౌట్ మధ్యాహ్నం పన్నెండుకా, దిగిన గంట నుంచి ఇరవై నాలుగ్గంటలకా అన్నది డబ్బు కట్టకముందే అడగాలి. రోజుకు రూ. 7,500 లోపు గదికి 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 5 శాతమే. ఇంకా పాత 12 శాతం వేస్తుంటే బిల్లు మార్పించుకోండి. జయనగర్, సౌత్ ఎండ్ సర్కిల్ వైపు గది దొరికితే రేటు కాస్త ఎక్కువైనా అదే నయం, పొద్దున్నే నడిచి టిఫిన్‌కు పోవచ్చు. దూరంగా వైట్‌ఫీల్డ్‌లో బావగారింట్లోనో మారతహళ్లిలో తమ్ముడి రూములోనో దిగితే గది అద్దె మిగులుతుంది గానీ పొద్దుటి మొదటి దోసె మీద ఆశ వదులుకోవాల్సిందే.

మొదటి పొద్దు బసవనగుడి. బ్రాహ్మిన్స్ కాఫీ బార్ 1965 నాటిది, చిన్న కొట్టు. ఇడ్లీ, వడ, ఖారా బాత్, కేసరి బాత్, కాఫీ, టీ. జాబితా దాదాపు అక్కడితో సరి. సాంబారు ఉండదు. రోడ్డు పక్కన నిలబడి తినడం, పళ్లెం ఖాళీ అయితే చట్నీ గరిటె దగ్గరికి వెళ్లి మళ్లీ పోయించుకోవడం. ఇక్కడే మనవాళ్ల రివ్యూలు గాడి తప్పుతాయి. ‘సాంబారు లేదు, చట్నీ నీళ్లలా ఉంది, రెండు నక్షత్రాలు.’ ఆ చట్నీ అలా పల్చగా ఉండాలనే చేస్తారు. మన గట్టి పల్లీ చట్నీలా ఇడ్లీని అద్దుకునేది కాదది, ఇడ్లీ మీద పోస్తే లోపలికి దిగేది. కాబట్టి చూడాల్సింది చిక్కదనం కాదు. కొబ్బరి తాజాగా ఉందా, పచ్చిమిర్చి ఘాటు గొంతు దాకా వస్తోందా, ఇడ్లీ ఆ చట్నీని పీల్చుకున్నాక కూడా విడిపోకుండా ఉందా. విడిపోయి ముద్దయితే పిండి ఎక్కువ పులిసిందని, లేదా రవ్వ మరీ నున్నగా రుబ్బారని లెక్క.

ఒక్క మాట. ఖారా బాత్ అంటే కూరగాయలు వేసిన ఉప్మా. దాని పక్కన కేసరి బాత్ పెడితే చౌ చౌ బాత్. ఇవి మన ఉప్మా, మన కేసరే కదా అని వదిలేయకండి. ఖారా బాత్‌లో రవ్వ పలుకు పలుకుగా కాకుండా మెత్తగా, నెయ్యి కారేలా ఉంటుంది. మన పొడిపొడి ఉప్మాతో పోల్చి మార్కులు తగ్గించడం తగదు.

అక్కణ్నుంచి నడిచిపోయేంత దూరంలోనే విద్యార్థి భవన్, 1943 నుంచి. రద్దీ ఉంటే పేరు చెప్పి బయట నిలబడాలి. లోపల బల్ల మీ ఒక్కరిదే కాదు, ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు ఎదురుగా కూర్చుంటారు. సర్వర్ దోసె పళ్లేలు చేతి మీదుగా భుజం దాకా పేర్చుకొని వస్తాడు. ఫోన్ పైకెత్తేది అందరూ అప్పుడే. ఫొటో ఒక్కటి చాలు, తర్వాత వెంటనే తినండి.

ఎందుకంటే మసాలా దోసె ఆయుష్షు నాలుగైదు నిమిషాలే. పెద్ద ఇనప పెనం మీద నీళ్లు చల్లి, పుల్లల చీపురుతో ఊడ్చి, వరసగా పిండి పోస్తారు. పిండిలో కాస్త శనగపప్పు, మెంతులు పడితేనే ఆ ఇటుక రంగు. పెనం వేడి మించితే పిండి పరుచుకోకముందే గట్టిపడి గరిటె వెంట లేచొస్తుంది. వేడి తగ్గితే కింద అతుక్కుంటుంది. రంగు సరిగ్గా వచ్చిన దోసె మధ్యలో వేడి ఆలుగడ్డ కూర పెట్టి మడిచాక ఆ కూర ఆవిరి లోపలి పొరను మెత్తబరచడం మొదలెడుతుంది. పైన కరకర, లోపల మెత్తన. ఆ రెండూ కలిసి ఉండే కాసేపే దోసె దోసెగా ఉంటుంది. ఆరు కోణాల్లో ఫొటోలు తీసుకుని, వీడియో తీసి, ఆపైన ‘దోసె మెత్తగా ఉంది’ అని రాయడం అన్యాయం.

దోసెను చూసే వరస ఇదీ. ముందు అంచు విరిచి ఒట్టిది నమలండి, పులుపు, ఉప్పు తెలుస్తాయి. తర్వాత అడుగు చూడండి. అక్కడక్కడ నల్లమచ్చలుంటే పెనం సరిగా ఊడవలేదని. ఆపైన కూరతో, చివర చట్నీతో. మొదటి ముద్దే చట్నీలో ముంచితే ఇక దోసె గురించి మీకేమీ తెలియదు. చేతికి నెయ్యి అంటాలి గానీ పళ్లెంలో మడుగు కట్టకూడదు. మడుగు కడితే నెయ్యి చివర్లో పైన పోశారన్నమాట, పెనం మీద దోసె పీల్చుకోలేదు.

ఎం.టి.ఆర్.ను అదే పొద్దున ఇరికించకండి. నాలుక రెండు చోట్ల తర్వాత పనిచేయదు. రెండో రోజు లాల్‌బాగ్ మెట్రో దిగి పడమటి గేటు నుంచి తోట దాటి మెయిన్ గేటు వైపు నడిస్తే ఆకలీ పుడుతుంది, ఎం.టి.ఆర్. ఉన్న మావళ్లీ వస్తుంది. 1924లో మైయా సోదరులు పెట్టిన హోటల్. రెండో ప్రపంచ యుద్ధంలో బియ్యం కొరత వచ్చినప్పుడు రవ్వతో ఇడ్లీ పెట్టి చూశామని వాళ్లు చెప్పే కథ. జపాన్ బర్మాను పట్టాక అక్కడి బియ్యం ఆగిపోయిన కాలం కాబట్టి నమ్మదగ్గదే.

రవ్వ ఇడ్లీ పైకి తేలిక వంటకంలా కనిపిస్తుంది, తప్పులు మాత్రం దండిగా జరుగుతాయి. రవ్వను నెయ్యిలో తాలింపుతో వేయించి, పుల్లటి పెరుగు కలిపి, ఆవిరి పెట్టబోయే ముందు సోడా వేస్తారు. సోడా వేసిన పిండిని అట్టే నిలవుంచితే గాలి పోయి ఇడ్లీ రాయవుతుంది. సోడా ఎక్కువైతే పసుప్పచ్చగా మారి, మింగాక సబ్బు వాసన మిగులుతుంది. రవ్వ నానకపోతే చెంచాతో చీల్చినప్పుడు నడుమ పలుకులు తడితడిగా మెరుస్తాయి. పక్కన పెట్టే ఆలుగడ్డ సాగు (కుర్మాలాంటి కూర), చట్నీ వేరువేరుగా రుచి చూసి, అప్పుడు నెయ్యి పోసుకోండి. చిన్న గిన్నెలో విడిగా ఇచ్చే ఆ నెయ్యి మొత్తం ఒకేసారి ఒంపేస్తే ఆ పూటకు ఇంకేమీ రుచి చూడలేరు.

మల్లేశ్వరం మధ్యాహ్నం పనికిరాదు, చాలా కొట్లు ఆ వేళ విరామం తీసుకుంటాయి. సాయంత్రం నాలుగు దాటాక సి.టి.ఆర్. (సెంట్రల్ టిఫిన్ రూమ్) బెణ్ణె, అంటే వెన్న, మసాలా దోసె, పదిహేనో క్రాస్‌లో వీణా స్టోర్స్ ఇడ్లీ. రెండూ మార్గోసా రోడ్డు మీదే. సి.టి.ఆర్. దోసె విద్యార్థి భవన్ దానికంటే కరకరలాడుతుంది, వెన్న వాసన ముందుగా తగులుతుంది. ఏది గొప్పదన్న తగువు బెంగళూరువాళ్లకు వదిలేయడం మంచిది. మన తీర్పు మాత్రం: పెనం మీద నేర్పు సి.టి.ఆర్.ది, పిండి మీద నేర్పు విద్యార్థి భవన్‌ది.

నిలబడి తినే ‘దర్శిని’ హోటళ్లలో ముందు డబ్బు కట్టి, చీటీ కౌంటర్‌లో ఇవ్వాలి. ఇడ్లీ వడ అంటే ‘డిప్పా, సెపరేటా’ అంటాడు. సాంబారులో ముంచాలా, విడిగానా అని. రివ్యూ రాసేవాళ్లకు ఎప్పుడూ సెపరేటే. సాంబారు తియ్యగా ఉంటుంది, బెల్లం వేస్తారు. అది తప్పు కాదు, వాళ్ల పద్ధతి. చింతపండు పులుపు, బెల్లం తీపి ఒకదాన్నొకటి పట్టుకున్నాయా లేదా అన్నదే చూడాలి. కాఫీలో చక్కెర కలిపే ఇస్తారు, వద్దంటే ‘సక్కరె బేడ’ అని ముందే చెప్పాలి. ఇద్దరుంటే ‘బై టూ’ అడగండి, ఒక కాఫీ రెండు గ్లాసుల్లో వస్తుంది. తిండి యాత్రకు ఇంతకంటే ఉపకారం చేసే మాట ఇంకోటి లేదు. నురగ పక్కకు ఊది కింది కాఫీ చప్పరించండి. కాఫీపొడిలో కలిపే చికోరి మరీ ఎక్కువైతే చేదు నాలుక చివరనే ఆగిపోతుంది, గింజ వాసన గొంతులోకి దిగదు.

మధ్యాహ్నాలు భోజనానికి. ‘ఆంధ్రా స్టైల్’ బోర్డులు బెంగళూరులో అడుగుకొకటి. రెసిడెన్సీ రోడ్డు నాగార్జునలో అరిటాకు, పప్పు, పొడి, నెయ్యి, గోంగూర అన్నీ వరసగా వస్తాయి. అయినా ఇది గుంటూరులో ఎవరింటి భోజనమూ కాదు. పచ్చిమిర్చి వేసిన ‘ఆంధ్రా చిల్లీ చికెన్’ బెంగళూరులోనే ముదిరిన వంటకం, దాన్ని అలాగే రుచి చూడాలి. ‘మా అమ్మమ్మ చేసినట్టు లేదు’ అంటే ఎలా ఉంటుంది మరి? మనం పట్టుకోవాల్సిందల్లా పప్పు. కందిపప్పు మెత్తగా ఉడికి తాలింపు విడిగా వాసనొస్తే ఆ వంటింట్లో తెలుగు చెయ్యి ఉందనుకోవచ్చు.

మూడో మధ్యాహ్నం జయనగర్ శివాజీ మిలిటరీ హోటల్ వైపు. మిలిటరీ హోటల్ అంటే ఈ ఊళ్లో మాంసాహారం పెట్టేది. దొన్నె బిర్యానీ ఆకుదొన్నెలో వస్తుంది, సన్నని చిట్టి బియ్యం, పుదీనా కొత్తిమీర పచ్చదనం. హైదరాబాదీ దమ్ వెతికితే దొరకదు. మెతుకు విడివిడిగా ఉండదు, అంటుకుంటుంది, ఆ బియ్యం స్వభావమే అంత. ఏ మిలిటరీ హోటల్లోనైనా రాగి ముద్దె కనిపిస్తే అనంతపురం, కడపవాళ్లు సంగటి అనుకుని కూర్చుంటారు. మన సంగటిలో బియ్యం ఉడికి కలుస్తుంది, ఇక్కడి ముద్దెలో రాగిపిండే. చిన్న ఉండ తుంచి, పులుసులో పొర్లించి, నమలకుండా మింగాలి. నమిలితే పళ్లకంటుకుని రాగిపిండి రుచే మిగులుతుంది, పులుసు రుచి పోతుంది.

సాయంత్రం వి.వి. పురం తిండి బీది, అంటే తిండి వీధి. జనవరి ప్రాంతంలో వెళితే అవరేకాయ వాసనే. మన అనపకాయే అది. తొక్క పితికితే వచ్చే ‘హితకిద బేళె’ చిత్తూరు వాళ్ల పితికిపప్పు.

బిల్లు దగ్గర రెండు సంగతులు. మామూలు రెస్టారెంట్‌లో జీఎస్టీ 5 శాతం. రూ. 7,500 దాటిన గదులున్న పెద్ద హోటళ్ల రెస్టారెంట్‌లో 18 శాతం. బిల్లులో తానంతట చేర్చే సర్వీస్ ఛార్జి చెల్లదని 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. తీసేయమనండి, తీయకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

రివ్యూలో తిన్న రోజు, గంట, ఎంతమంది, ఏమేం తెప్పించుకున్నారు, కట్టిన మొత్తం రాస్తేనే చదివేవాడికి ఉపయోగం. ఆరు నెలల్లో రేటు మారినా తారీఖు ఉంది కాబట్టి రాసింది అబద్ధం కాదు. తిండికి, సేవకు, చోటుకు మార్కులు విడివిడిగా వేయండి. సర్వర్ విసుక్కున్నాడని దోసెకు మార్కులు కోయకూడదు. ఉచితంగా పెట్టారా, మొదటి వాక్యంలోనే చెప్పేయండి. బాగాలేదనిపిస్తే వేరే వేళ ఇంకోసారి తిన్నాకే రాయండి, పొద్దున పది దాటాక మిగిలిపోయిన చట్నీతో హోటల్‌ను తూచడం మర్యాద కాదు.

తిరుగు రైలుకు దోసె పార్సెల్ కట్టించుకోకండి, యశవంతపుర చేరేలోపే నీరుకారిపోతుంది. ఇడ్లీ ఓపిగ్గా నిలుస్తుంది, కొబ్బరి చట్నీ మాత్రం ఎండాకాలంలో రెండు మూడు గంటలకే పులుపెక్కుతుంది. ఇడ్లీ మాత్రమే కట్టించుకుని, వెంట ఇంటి కారప్పొడి సీసా పెట్టుకోండి.