ఒకే పేరుకు పది ఎంట్రీలుంటే వీలుకప్ చాలదు, మరి ఏది మేలు?

ఎరువుల షాపు అరువు ఖాతా ఎక్సెల్‌లో రాస్తున్నారనుకోండి: తేదీ, పేరు, సరుకు, మొత్తం. రైతు వచ్చి ఈ సీజన్లో ఏమేం తీసుకున్నానో చెప్పమంటే చాలామంది వీలుకప్ (VLOOKUP, ఇచ్చిన పేరును లిస్టులో వెతికి ఆ వరుసలోని వివరం తెచ్చే ఫార్ములా) కొడతారు, అదేమో పైనుంచి వెతుక్కుంటూ వచ్చి మొదట దొరికిన యూరియా బస్తా దగ్గరే ఆగిపోతుంది, కింద రాసిన డీఏపీ, పురుగుమందు జోలికే పోదు. ఎర్రర్ కూడా చూపించదు కాబట్టి లెక్క తప్పిందని ఎవరికీ తెలియదు. దాని కొత్త రూపం ఎక్స్‌లుకప్ (XLOOKUP) అయినా ఇంతే, కావాలంటే కింది నుంచి వెతికి చివరి ఎంట్రీ ఇస్తుంది. బాకీ మొత్తం ఒక్కటే కావాలంటే ఆ పేరున్న వరుసల అంకెలను కూడే సమ్‌ఇఫ్స్ (SUMIFS) చాలు. ఎంట్రీలన్నీ వరసగా కావాలంటేనే అసలు ప్రశ్న.

మీ దగ్గర ఎక్సెల్ 2021 గానీ, మైక్రోసాఫ్ట్ 365 గానీ ఉంటే ఇంకో ఆలోచన వద్దు, ఫిల్టర్ (FILTER) ఫంక్షన్ వాడండి. ముందు లిస్టు రేంజ్, తర్వాత పేరు కాలమ్ ఫలానా సెల్‌తో సమానం అనే షరతు ఇస్తే చాలు, ఆ సెల్‌లో పేరు మార్చగానే ఆ రైతు ఎంట్రీలన్నీ వాటంతటవే కిందికి పరుచుకుంటాయి. అవి పరుచుకునే సెల్స్ అన్నీ ఖాళీగా ఉండాలి, లేకపోతే స్పిల్ ఎర్రర్ వస్తుంది. ఏమీ దొరక్కపోతే కనిపించేలా, ఎక్సెల్‌లో ఫార్ములా మూడో చోట 'ఎంట్రీలు లేవు' అని రాసుకోవచ్చు. గూగుల్ షీట్స్‌లోనూ ఫిల్టర్ ఉంది కానీ, అక్కడ మూడో చోట రాసేది ఇంకో షరతు అవుతుంది, ఈ తేడా గుర్తుంచుకోండి.

ఎక్సెల్ 2010, 2016 లాంటివి వాడేవాళ్లకు ఫిల్టర్ ఫంక్షన్ ఉండదు. ఇండెక్స్, స్మాల్, ఇఫ్ ఫంక్షన్లు మూడూ కలిపి కంట్రోల్, షిఫ్ట్, ఎంటర్ ఒకేసారి నొక్కే పొడవాటి ఫార్ములా ఒకటి ఉంది, పనిచేస్తుంది కూడా. కానీ తర్వాత ఎవరైనా దాన్ని సవరించి ఉత్త ఎంటర్ నొక్కితే పాడవుతుంది, షాపులో గుమస్తా దాన్ని బాగుచేయలేడు. అందుకే నేను అదనపు కాలమ్ వైపే ఉంటాను. లిస్టుకు ఎడమవైపు ఒక కాలమ్ పెట్టి, పేరు పక్కన ఆ పేరు అప్పటికి ఎన్నోసారి వచ్చిందో కౌంట్‌ఇఫ్‌తో (COUNTIF) లెక్కపెట్టి అతికించండి. రేంజ్ మొదటి వరుసను డాలర్ గుర్తుతో కట్టేసి రెండో కొసను వదిలేస్తే ($C$2:C2 లాగా) శ్రీనివాసరావు-1, శ్రీనివాసరావు-2 అని వస్తాయి. ఇక ప్రతి ఎంట్రీకీ సొంత పేరు ఉన్నట్టే, మామూలు వీలుకప్‌తోనే ఒక్కొక్కటీ లాగొచ్చు. వేల వరుసలైతే ఫైలు నెమ్మదిస్తుంది, నిజమే, అయినా ఎక్కడ ఏం జరిగిందో కంటికి కనిపిస్తుంది.

ఏ పద్ధతైనా సరే, పేరుతో మాత్రం వెతకకండి. ఒకే ఊళ్లో ఇద్దరు శ్రీనివాసరావులుంటే ఒకరి బాకీ ఇంకొకరి మీద పడుతుంది, పేరు చివర ఒక్క స్పేస్ ఎక్కువ పడినా ఆ ఎంట్రీ తప్పిపోతుంది. ప్రతి రైతుకూ ఒక ఖాతా నంబరు ఇచ్చి దానితోనే వెతకండి.